కవరు మీద రాజుగారి పేరుంటే, మొర ఎవరికి పెట్టుకోవాలి?

ప్రశ్న: నేను సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఇంగ్లండులోని కోవెంట్రీలో ఎమ్మెస్సీ చదువుతూ, వారానికి కొన్ని గంటలు ఒక షాపులో పని చేస్తోంది. ఈ మధ్య దానికి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకదాని మీద 'హిజ్ మెజెస్టీస్ రెవెన్యూ అండ్ కస్టమ్స్' అని ఉంది. రెండోది ఓటరుగా నమోదు చేసుకోమని అక్కడి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వాళ్ళు రాసింది. మన పాస్‌పోర్టు ఉన్న పిల్లకి అక్కడ ఓటేమిటి, ఇందులో మోసమేమైనా ఉందా అని మా ఇంట్లో ఒకటే భయం. ఇది చాలదన్నట్టు పాత ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగివ్వడం లేదు. గ్లాస్గోలో ఉన్న మా బావమరిది కొడుకు ఒక రూలు చెబుతున్నాడు, కోవెంట్రీలో దాని స్నేహితులు ఇంకో రూలు చెబుతున్నారు. ఒకే దేశంలో రెండు రూల్సేమిటి? ఇంగ్లండు రాజు ఉత్సవ విగ్రహం లాంటివాడని ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. మరి కవర్ల మీదా, కోర్టుల్లోనూ ఎక్కడ చూసినా ఆయన పేరే ఎందుకుంది? మా గోడు ఎవరికి చెప్పుకోవాలి? ఆయనకే ఉత్తరం రాయించమంటారా?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు:

మాస్టారూ, నమస్కారం. ముందు ఆ రెండు ఉత్తరాల సంగతి తేల్చేస్తాను, మీ ఇంట్లో ఈ పూటైనా నిద్రపడుతుంది.

మొదటిది ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చింది. షాపులో పనికి చేరిన ప్రతివాళ్ళకీ ఒక పన్ను కోడు ఇస్తారు. చాలామందికి అది '1257ఎల్' అని ఉంటుంది. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా సంపాదన మీద పన్ను లేదని దాని అర్థం. అక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. అమ్మాయి జీతం చీటీలో వేరే కోడు కనిపిస్తే, పన్ను ఎక్కువ కోస్తున్నారేమో ఆ శాఖనే అడగొచ్చు, ఎక్కువ కోసింది వెనక్కి వస్తుంది. మోసం జరిగేది ఎక్కువగా ఫోన్లలో. 'ఈ క్షణం డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తాం' అని ఎవడైనా ఫోన్ చేస్తే వాడు దొంగ. కోడు తెలిపే ఉత్తరానికి భయపడాల్సిన పని లేదు.

రెండోది కూడా నిజమైన ఉత్తరమే అయ్యుంటుంది. ఓటు సంగతి చివర్లో వివరంగా చెబుతాను. అది మీరు గర్వపడాల్సిన విషయం.

ఇక అసలు ప్రశ్న. మీరు చెప్పిన పాఠంలో తప్పేమీ లేదు. ఉత్సవ విగ్రహం అన్నది సరైన పోలికే. కాకపోతే మనం ఆ మాటను 'పనికిరానిది' అన్న అర్థంలో వాడేస్తుంటాం. గుడిలో అలా ఉండదు కదా. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు. ఊరేగింపులో జనం ముందుకు వచ్చేదీ, పల్లకీ ఎక్కేదీ, కల్యాణం జరిగేదీ ఉత్సవ మూర్తికే. బ్రిటన్‌లో పల్లకీ రాజుగారిది, గర్భగుడి పార్లమెంటుది. ప్రభుత్వం చేసే ప్రతి పనీ ఆయన పేరు మీదే ఊరేగుతుంది. అందుకే పన్ను శాఖ ఆయనది, జైళ్ళు ఆయనవి, మంత్రులు ఆయన మంత్రులు. 2022 సెప్టెంబరు 8న ఎలిజబెత్ రాణి చనిపోయారు. ఆమె కొడుకు మూడో చార్లెస్ ఆ క్షణమే రాజయ్యారు. నిన్నటిదాకా 'క్వీన్స్ కౌన్సెల్' అనిపించుకున్న సీనియర్ లాయర్లు అదే రోజు 'కింగ్స్ కౌన్సెల్' అయిపోయారు. పన్ను శాఖ పేరులో 'హర్' పోయి 'హిజ్' వచ్చింది. పన్ను రేటు మాత్రం పైసా మారలేదు, ఎందుకంటే దాన్ని ఆమె ఎప్పుడూ నిర్ణయించలేదు, ఈయనా నిర్ణయించరు.

ఈ వ్యవస్థకు తాళంచెవి ఒక్క మాట: సలహా. రాజు మంత్రుల సలహా మీద నడుచుకుంటారు అంటారు. మామూలుగా సలహా అంటే వినొచ్చు, మానొచ్చు. అక్కడ మానడానికి వీల్లేదు. మీకిది కొత్త కాదు. మన రాజ్యాంగం 74వ అధికరణంలో 'సహాయం, సలహా' అని ఉన్నది ఈ మాటే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ, ఇంగ్లండు రాజ్యాంగంలో రాజుకు ఏ స్థానమో మన రాష్ట్రపతికీ అదే స్థానం అని అంబేద్కర్ తేటగా చెప్పారు. మన గవర్నరు శాసనసభలో 'నా ప్రభుత్వం' అంటూ చదివే ప్రసంగం మంత్రివర్గం రాసిచ్చిందే కదా. వెస్ట్‌మినిస్టర్‌లో రాజుగారు కిరీటం పెట్టుకుని, సింహాసనం మీద కూర్చుని చదివేదీ అంతే.

ఆ ప్రసంగం రోజున జరిగే ఒక తంతు ఈసారి దొరికితే వీడియోలో చూడండి. రాజు ఎగువ సభలో కూర్చుని, దిగువ సభవాళ్ళను పిలుచుకు రమ్మని నల్ల బెత్తం పట్టుకున్న ఒక అధికారిని పంపుతారు. ఆయన గుమ్మం దాకా రాగానే తలుపు ముఖం మీదే మూసేస్తారు. ఆయన బెత్తంతో మూడుసార్లు తడితే అప్పుడు తీస్తారు. దీని వెనక 1642 ఉంది. ఆ ఏడు జనవరిలో మొదటి చార్లెస్ అయిదుగురు సభ్యుల్ని అరెస్టు చేయడానికి సాయుధుల్ని వెంటబెట్టుకుని సభలోకి వెళ్ళాడు. వాళ్ళెక్కడ అని అడిగితే స్పీకర్ మోకాళ్ళ మీద కూర్చుని, 'సభ ఆజ్ఞాపిస్తే తప్ప చూడటానికి నాకు కళ్ళు లేవు, చెప్పడానికి నాలుక లేదు' అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. ఏడేళ్ళు తిరిగేసరికి, 1649 జనవరిలో ఆ రాజు తల తెగింది. పదకొండేళ్ళు రాజు లేకుండా గడిచాక మళ్ళీ రాజరికం వచ్చింది. అయితే 1689 హక్కుల చట్టం దాని కాళ్ళకు శాశ్వతంగా బంధం వేసింది. పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వేయకూడదు, చట్టాన్ని పక్కన పెట్టకూడదు, శాంతి సమయంలో సైన్యాన్ని పోషించకూడదు. 1642 తర్వాత ఈనాటి వరకు, సభ జరుగుతుండగా ఏ రాజూ దిగువ సభ గుమ్మం దాటలేదు. పార్లమెంటు ఆమోదించిన బిల్లును రాజరికం తిప్పికొట్టడం 1708లో ఆన్ రాణితోనే ఆఖరు. ఇప్పటికీ సభలో తంతుగా బిల్లుకు ఆమోదం తెలిపేటప్పుడు పాత నార్మన్ ఫ్రెంచిలో 'రాజుగారికి సమ్మతమే' అన్న అర్థం వచ్చే మాట ఒకటి పైకి చదువుతారు. 'సమ్మతం కాదు' అన్న మాట విన్నవాళ్ళు మూడు వందల ఏళ్ళుగా ఎవరూ లేరు.

ఇందులో నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఈ కట్టుబాట్లలో సగం ఎక్కడా రాసిలేవు. మనకున్నట్టు ఒక గ్రంథం, అధికరణాలు, షెడ్యూళ్ళు అక్కడ లేవు. 1215 నాటి మాగ్నా కార్టా నుంచి నిన్న మొన్నటి చట్టాల వరకు, కోర్టు తీర్పులు, సభా సంప్రదాయాలు అన్నీ కలిసి రాజ్యాంగం. మర్యాదస్థులు కుర్చీలో ఉన్నంతకాలం ఇది బాగానే నడుస్తుంది. మర్యాద తప్పితే ఏమిటి గతి? 2019లో ఆ పరీక్ష వచ్చింది. బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటికి రావడం) గడువు దగ్గరపడుతుండగా పార్లమెంటును అయిదు వారాలు మూసేయమని ప్రధాని బోరిస్ జాన్సన్ సలహా ఇచ్చారు. రాణి కాదనలేరు, ఆమోదించారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. సెప్టెంబరు 24న పదకొండుమంది జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చారు: ఆ సలహా చట్టవిరుద్ధం, కాబట్టి ఆ ఉత్తర్వు తెల్లకాగితంతో సమానం. మర్నాడే సభ కూర్చుంది. రాణిని ఎవరూ బోనెక్కించలేదు, తప్పు సలహా ఇచ్చినవాడిది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అయినా నా మనసు మన పద్ధతికే మొగ్గుతుంది. పార్లమెంటు చేసిన చట్టాన్ని అక్కడి కోర్టు కొట్టేయలేదు. మానవ హక్కులకు విరుద్ధమని ప్రకటించగలదు, మార్చడం మాత్రం పార్లమెంటు ఇష్టం. మనకు 1973 కేశవానంద భారతి తీర్పు పెట్టిన గోడ ఉంది: రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదు. రాసి ఉన్న హక్కుకు ఉండే బలం వేరు, పిల్లలకు మీరు చెప్పిన పాఠాల్లో నన్నడిగితే అదే ముఖ్యమైనది.

కోర్టుల సంగతికి వద్దాం. నేను లెస్టర్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి మేజిస్ట్రేట్ కోర్టులో వెనక బల్ల మీద కూర్చుని ఒక పూటంతా చూశాను. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. జడ్జీల కుర్చీల వెనక గోడ మీద సింహం, ఒంటికొమ్ము గుర్రం ఉన్న రాజముద్ర. లోపలికి వచ్చిన ప్రతి లాయరూ దానికి తల వంచి నమస్కరించి మరీ కూర్చుంటున్నాడు. ఆ ముద్ర కింద కూర్చున్న ముగ్గురూ మామూలు కోట్లు వేసుకున్న మామూలు మనుషులు. వాళ్ళు లా చదివినవాళ్ళు కారు, జీతం తీసుకోరు, తోటి పౌరుల కేసులు వినడానికి స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు. చట్టం ఏం చెబుతోందో వాళ్ళకు చెప్పడానికి ముందు బల్ల దగ్గర ఒక న్యాయ సలహాదారు కూర్చుంటుంది. దేశంలో నేరాల కేసులు దాదాపు అన్నీ మొదలయ్యేది ఇలాంటి గదుల్లోనే, అత్యధికం ముగిసేదీ ఇక్కడే. పెద్ద నేరాలైతే క్రౌన్ కోర్టుకు వెళ్తాయి, అక్కడ పన్నెండుమంది జ్యూరీ. కేసు పేరు 'రెక్స్ వర్సెస్ ఫలానా' అని ఉంటుంది. రెక్స్ అంటే లాటిన్లో రాజు. అంటే కేసు పెట్టింది రాజు, గోడ మీద ముద్ర రాజుది, శిక్ష వేస్తే పంపే జైలు రాజుది. అయినా 'నిర్దోషి' అని జ్యూరీ అంటే రాజు ఓడిపోయినట్టే, ముద్దాయి నడుచుకుంటూ ఇంటికి పోతాడు.

ఇది మన గోదావరి జిల్లా కూడా చవిచూసిన సంగతే. 1937 మార్చిలో పూరీ రైల్వే స్టేషన్లో ఒక ట్రంకు పెట్టెలో శవం దొరికింది. చనిపోయింది పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా చేసిన మనిషి. ముద్దాయి బరంపురంలో ఉండే ఆ దివాను గారి అల్లుడు. ఉరిశిక్ష పడింది, పట్నా హైకోర్టు ఖాయం చేసింది. అప్పీలు సముద్రం దాటి, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళింది. పోలీసులకు చెప్పిన మాటను సాక్ష్యంగా వాడటం చెల్లదని 1939లో ఆ కోర్టు అప్పీలును ఒప్పుకుంది. మన లా విద్యార్థులు ఈ కేసును ఈనాటికీ చదువుతారు. దాని పేరు చివర ఏముంటుందో తెలుసా? 'వర్సెస్ ఎంపరర్'. చక్రవర్తి పేరు మీద నడిచిన కేసు, చక్రవర్తి కౌన్సిల్లోనే చక్రవర్తికి వ్యతిరేకంగా ముగిసింది. అంతకన్నా విశేషం, ప్రివీ కౌన్సిల్ తీర్పు రూపంలో తీర్పు చెప్పదు, 'రాజుగారికి సవినయంగా సలహా ఇస్తున్నాం' అంటుంది. మళ్ళీ అదే మాట చూశారా, సలహా.

గ్లాస్గో, కోవెంట్రీ తగువు ఇప్పుడు సులువుగా తీరుతుంది: ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రాజు ఒక్కడే, చట్ట వ్యవస్థలు మూడు. ఇంగ్లండు, వేల్స్ కలిపి ఒకటి, స్కాట్లాండ్ ఒకటి, ఉత్తర ఐర్లాండ్ ఒకటి. 1707లో ఇంగ్లండు, స్కాట్లాండ్ ఏకమైనప్పుడు స్కాట్లాండ్ తన కోర్టుల్నీ, చట్టాన్నీ వదులుకోలేదు. అక్కడ జ్యూరీలో పదిహేనుమంది ఉంటారు. ఇంటి అడ్వాన్సు అక్కడ రెండు నెలల అద్దె దాకా తీసుకోవచ్చు, గొడవ వస్తే ట్రిబ్యునల్‌కు వెళ్తారు. మీ బావమరిది గారబ్బాయి చెప్పింది అక్కడికి సరిపోతుంది. మీ అమ్మాయికి కావలసింది ఇంగ్లండు చట్టం.

ఆ చట్టం అద్దెకున్నవాళ్ళ పక్షాన గట్టిగా నిలబడుతుంది. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే అయిదు వారాల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. తీసుకున్న సొమ్ము ఓనరు జేబులో ఉంచుకోవడానికి లేదు. 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన మూడు పథకాల్లో ఒకదాని రక్షణలో పెట్టి, ఆ వివరాలు కాగితం మీద అద్దెదారుకు ఇవ్వాలి. ఆ మూడు: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. అమ్మాయిని ఈ మూడింటి వెబ్‌సైట్లలోనూ తన ఇంటిపేరు, పాత ఇంటి పోస్ట్‌కోడ్, అద్దె మొదలైన తేదీ కొట్టి వెతకమనండి. పది నిమిషాల పని.

దొరికితే, ఆ పథకం వాళ్ళ దగ్గరే వివాద పరిష్కారం ఉచితం. లాయరు అక్కర్లేదు. ఇంట్లో చేరినప్పుడు, ఖాళీ చేసినప్పుడు తీసిన ఫొటోలు, సామాను జాబితా, అద్దె కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు పెడితే చాలు. గోడ పాడైందనో, కార్పెట్ మాసిందనో ఓనరు డబ్బు కోయాలంటే ఆ నష్టం నిరూపించాల్సిన బాధ్యత ఆయనదే, అమ్మాయిది కాదు.

ఎక్కడా దొరక్కపోతే అమ్మాయి చేయి ఇంకా పైన. అడ్వాన్సును రక్షణలో పెట్టని ఓనరు మీద కౌంటీ కోర్టులో దావా వేయొచ్చు. అసలు సొమ్ముతో పాటు దానికి ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. చాలామంది ఓనర్లు ఈ మాట రాతపూర్వకంగా అందగానే దారికొస్తారు. కాబట్టి ముందు మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టించండి: ఎంత కట్టింది, ఎప్పుడు ఖాళీ చేసింది, ఏ పథకంలో పెట్టారో చెప్పమని, పద్నాలుగు రోజులు గడువిస్తూ. ఫోన్లో మాట్లాడితే సాక్ష్యం మిగలదు.

ఒక్క జాగ్రత్త. ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటూ ఒక గది అద్దెకిచ్చి ఉంటే, లేదా అది యూనివర్సిటీ హాస్టల్ అయితే ఈ రక్షణ పథకం వర్తించదు. అప్పుడు ఒప్పంద పత్రంలో ఏముందో దాన్నిబట్టి అడగాలి. ఏదైనా సరే, యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో సలహా కేంద్రం ఉంటుంది, ఊళ్ళో సిటిజన్స్ అడ్వైస్ ఉంటుంది, రెండూ పైసా తీసుకోవు. మన పిల్లలు సిగ్గుపడి, 'ఎందుకొచ్చిన గొడవ, వీసాకేమైనా అవుతుందేమో' అని ఆ డబ్బు వదిలేసుకోవడం నేను చాలా చూశాను. ఇక్కడ తల్లిదండ్రులు పొలమో బంగారమో కుదువ పెట్టి పంపిన సొమ్ము అది. హక్కు అడిగినందుకు వీసా పోదు, మాస్టారూ. ఈ మాట అమ్మాయికి మీ నోటితోనే చెప్పండి.

రాజుగారికి ఉత్తరం రాయడం సంగతి. ఎవరైనా రాయొచ్చు. కానీ ఇంటి ఓనరుతో తగువులో ఆయన వేలు పెట్టలేరు, పెడితే అది ఆయన పదవికే తప్పు. ఆ పని కోర్టుది. ప్రభుత్వ శాఖ ఏదైనా కాగితం తొక్కిపెట్టి కూర్చుంటే, ఉదాహరణకు వీసా దరఖాస్తు నెలల తరబడి కదలకపోతే, అప్పుడు వెళ్ళాల్సింది ఆ నియోజకవర్గం ఎంపీ దగ్గరికి. దిగువ సభలో 650 మంది ఎంపీలున్నారు. తమ ప్రాంతంలో ఉండేవాళ్ళ గోడు వినడానికి చాలామంది క్రమం తప్పకుండా కూర్చుంటారు. డాక్టరు దగ్గర లాగే దాన్నీ 'సర్జరీ' అంటారు, కంగారు పడకండి. ఆ మనిషి తనకు ఓటేశాడా, ఏ దేశం పాస్‌పోర్టు పట్టుకున్నాడు అన్నది వాళ్ళు చూడరు, తన నియోజకవర్గంలో ఉంటే చాలు. ఎంపీ రాసిన ఉత్తరానికి శాఖ జవాబివ్వక తప్పదు.

ఇప్పుడు ఓటు. మన పాస్‌పోర్టు ఉన్న పిల్లకు అక్కడ ఓటేమిటి అన్నారు. ఉంది. బ్రిటన్‌లో ఉండటానికి అనుమతి ఉన్న కామన్వెల్త్ దేశాల పౌరులందరికీ, విద్యార్థి వీసా మీదున్నవాళ్ళతో సహా, పార్లమెంటు ఎన్నికల్లోనూ కౌన్సిల్ ఎన్నికల్లోనూ ఓటు హక్కు ఉంది. గణతంత్రంగా మారుతూనే కామన్వెల్త్‌లో కొనసాగడానికి 1949 ఏప్రిల్లో లండన్‌లో మనకు కుదిరిన ఒప్పందం ఫలితం ఇది. మన దేశం రాజును వదిలేసింది, అయినా ఆ రాజు పార్లమెంటును ఎన్నుకునే హక్కు మన పిల్లలకు దక్కింది. 1857 నుంచి 1947 దాకా జరిగిన చరిత్రను పాఠంగా చెప్పిన మీకు దీని విలువ నేను చెప్పాలా?

ఓటు నమోదు వల్ల భారత పౌరసత్వానికి ఏమీ కాదు. పైగా కౌన్సిల్ అధికారికంగా నమోదు చేసుకోమని అడిగాక పట్టించుకోకపోతే 80 పౌండ్ల జరిమానా వేయొచ్చు. పేరు జాబితాలో ఉంటే రేపు బ్యాంకులోనో, ఫోన్ కనెక్షన్‌కో చిరునామా సరిచూసేటప్పుడు పని తేలికవుతుంది. ఫారంలో 'ఓపెన్ రిజిస్టర్' అని ఒకటుంటుంది, అందులో వద్దని టిక్కు పెట్టమనండి, లేకపోతే పేరు, చిరునామా వ్యాపారులు కొనుక్కోగలుగుతారు. ఓటరయ్యాను కాబట్టి జ్యూరీకి పిలుస్తారేమో అని భయం అక్కర్లేదు. పదమూడేళ్ళు నిండాక కనీసం అయిదేళ్ళు ఆ దేశంలో ఉంటేనే జ్యూరీకి అర్హత.

పోలింగు పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా ఉంటుంది, షాపు డ్యూటీ అయ్యాక కూడా వెళ్ళొచ్చు. ఫొటో గుర్తింపు అడుగుతారు. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టు చెల్లుతుంది కాబట్టి, మన మూడు సింహాల పాస్‌పోర్టే పట్టుకెళ్ళమనండి.